అంతా గ్యాసే అంటే ఎట్టరా పెంచలా

కావలి,
ఆదివారం మధ్యాహ్నం

ఒరే పెంచలా,

మొన్న శుక్రవారం ఫోన్లో "ఏం లేదురా మాల్యాద్రీ, రొవ్వంత గ్యాసు, అంతే" అని నవ్వి పెట్టేశావు గదా, ఆ మాట నా చెవిలో ఇంకా తిరగతానే ఉంది. ఎందుకంటే పోయినేడంతా నేనూ అదే మాట అందరికీ చెప్పుకుంటా తిరిగినోణ్ణే. ఫోన్లో చెప్తే మధ్యలో "సరేలే సరేలే" అంటావు, అందుకే ఈరోజు అంగడి సెలవు గదా అని కూర్చుని టైపు చేస్తా ఉండా. పొడుగైందని తిట్టుకోకుండా చదువు.

మన పక్క మెడ కింద నించి మోకాలి దాకా యాడ నొప్పొచ్చినా గ్యాసే గదరా. గుండెల్లో మంటా, గ్యాసు. తలనొప్పా, గ్యాసు తలకెక్కింది. భుజం లాగతా ఉందా, గ్యాసు పట్టేసింది. మా వీధి చివర ఒకాయనకి తెల్లారుజామున ఛాతీ బిగపట్టి చొక్కా తడిసేట్టు చెమటలు పోస్తే ఇంట్లోవాళ్ళు గోలీసోడాలో నిమ్మకాయ పిండి తాపి రెండు గంటలు తేపుల కోసం ఎదురుచూస్తా కూర్చోబెట్టారు. తేపు రాలా, వచ్చింది గుండెపోటు. మనిషి దక్కాడులే, స్టెంటు వేశారు, కానీ ఆ రెండు గంటలు ఊరికే పోయినాయి.

ఇంగ నా కత విను. నీకు సగమే తెలుసు, మిగతా సగం సిగ్గుకి చెప్పలా. యూరియా బస్తాలు దింపించుకుంటా ఒక్కోసారి నేనే చెయ్యేసి నడుము పట్టించుకున్నా గదా, మందుల షాపులో అడిగితే నొప్పి బిళ్ళ ఇచ్చాడు, డైక్లోఫెనాక్, వేసుకుంటే గంటలో నడుము నాది కాదన్నట్టు హాయి. పొద్దున్నే పరగడుపున టీతో ఒకటి, సాయంత్రం ఒకటి, అట్ట ఐదు నెలలు. చీటీ లేదు, డాక్టరు లేడు. తర్వాత రాత్రి రెండింటికి కడుపులో గునపం పెట్టి తొలిచినట్టు మంట మొదలైంది, లేచి రెండు బిస్కెట్లు తింటే తగ్గేది. తింటే తగ్గతా ఉంది గదా ఆకలేలే అనుకున్నా! ఒకరోజు పొద్దున మోషన్ నల్లగా వచ్చింది. నలుపంటే మామూలు నలుపు గాదు, రోడ్డేసేటప్పుడు డ్రమ్ములో కాగే తారు ఉంటది చూడు, అట్ట జిగటగా, వాసన కూడా వేరే. నిన్న ఏం తిన్నానా అని ఆలోచించినా గానీ అది నా నెత్తురే అని తట్టలా. కడుపులో కారిన నెత్తురు పేగుల్లో అంత దూరం పోయి బయటికొచ్చేసరికి ఎర్రగా ఉండదంట, నల్లగా అయిపోద్దంట. మూడోరోజు అంగట్లో బిల్లు రాస్తా రాస్తా కళ్ళు తిరిగి పడిపోయినా. నెల్లూరు తీసకపోతే, నెత్తురు ఎంతుందో చెప్పే హిమోగ్లోబిన్ ఏడే, శానా తక్కువ.

ఎండోస్కోపీ అంటే భయపడినానురా, అబద్ధమెందుకు. గొంతులో చేదు స్ప్రే కొట్టారు, కాసేపటికి గొంతు ఉందో లేదో తెలీలా. ఎడం పక్కకి తిప్పి పడుకోబెట్టి పళ్ళ మధ్య ప్లాస్టిక్ రింగు పెట్టి, చిటికెన వేలంత నల్ల గొట్టం లోపలికి. ఓకరింతలొచ్చి కళ్ళంట నీళ్ళు కారతా ఉన్నా స్క్రీను మాత్రం నా ఎదురుగానే ఉంది, చూడకుండా ఉండలేకపోయినా. లోపలంతా తడితడిగా గులాబీ రంగు, మడతలు మడతలు, కడుపు చివర్లో ఒక చిన్న కంత చేప నోరు మాదిరి తెరుచుకుంటా మూసుకుంటా ఉంది. దాంట్లోనించి గొట్టం చిన్నపేగు మొదట్లోకి దూరింది, ఆడ తెల్లటి మచ్చ, చుట్టూ ఎర్రటి అంచు. "ఇదిగో మీ గ్యాసు" అన్నాడు డాక్టరు. అల్సరు, అంటే పుండు.

కడుపులో నలుసంత ముక్క కత్తిరించి పసుప్పచ్చ జిగురున్న బిళ్ళలో పెట్టారు, కాసేపటికి ఆ పసుపు గోరింటాకు పండినట్టు ఎర్రబడింది. హెలికోబాక్టర్ పైలోరీ అని ఒక బాక్టీరియా ఉంటే అట్ట రంగు మారుద్దంట. కడుపులో ఉండేది మామూలు పులుపు గాదు, హైడ్రోక్లోరిక్ యాసిడ్, అందులో ఏదీ బతకదని డాక్టర్లే అనుకునేవాళ్ళంట, ఇది మాత్రం తన చుట్టూ అమ్మోనియా తయారు చేసుకుని యాసిడ్‌ని విరగ్గొట్టుకుని కాపురం పెడద్ది. ఆస్ట్రేలియాలో బారీ మార్షల్ అనే ఆయనా రాబిన్ వారెన్ అనే ఆయనా అల్సర్లకి కారణం ఇదేరా అంటే ఎవరూ నమ్మలా, అల్సరంటే టెన్షనూ కారమూ అనేవాళ్ళు. ఆ మార్షల్ 1984లో ఆ బాక్టీరియా కలిపిన రసాన్ని తనే తాగేశాడు! కొన్ని రోజులకి వాంతులు, పరీక్ష చేస్తే కడుపంతా వాచి ఉంది. 2005లో ఇద్దరికీ నోబెల్ ఇచ్చారు. పైగా నా విషయంలో దీనికి తోడు నొప్పి బిళ్ళలు. ఆ యాసిడ్ కడుపు గోడని తినెయ్యకుండా లోపల జిగురు పొర ఒకటి ఉంటదంట, ఆ బిళ్ళలు నొప్పితో పాటు ఆ పొరని కూడా పలచన చేస్తాయి. అంటే ఇంటికి కన్నం వేసింది దొంగైతే గడియ తీసి పెట్టింది నేనే. మా అమ్మ మటుకు ఇప్పటికీ తప్పంతా కారం దోశదే అంటది, పాపం ఆ దోశకేం తెలుసు.

వార్డులో పక్క మంచం మీద కందుకూరు పక్క రిటైరైన సైన్సు మాస్టారు ఒకాయన ఉండె. గాల్ బ్లాడర్లో, అంటే పసరు సంచిలో, రాళ్ళు. పెళ్ళి భోజనం తిన్న రాత్రి కుడి డొక్క పైన మొదలై భుజం వెనక్కి పాకిందంట నొప్పి, ఆయనా రెండు నెలలు గ్యాసే అని వాము నమిలాడంట, సైన్సు మాస్టారే! చేతికి సెలైను, నోటికి మాత్రం సెలవు లేదు. లివర్ రోజుకి అర లీటరు నించి లీటరు దాకా పసరు చేస్తదంట, సబ్బు జిడ్డుని విడగొట్టినట్టు అది నూనెనీ నెయ్యినీ విడగొట్టుద్ది, మిగిలింది ఆ సంచిలో చిక్కబడతా ఉంటది. కొవ్వు పేగులోకి దిగంగానే సంచి పిండుకుంటది, ఆ టైములో రాయి అడ్డం పడితే ఇంగ చూడు.

ఆయన చెప్పిన వాటిల్లో నాకు బలే నచ్చింది ఒకటుంది. 1822లో అమెరికాలో ఒకాయనకి పొట్టలో తుపాకీ గుండు తగిలిందంట, గాయం మానింది గానీ కడుపులోకి కంత అట్నే ఉండిపోయింది. చూసిన డాక్టరు, బోమాంట్ పేరు, మాంసం ముక్కలకి దారం కట్టి ఆ కంతలోంచి లోపలికి వేలాడేసి గంటకోసారి పైకి లాగి ఎంత అరిగిందో చూసేవాడంట. అచ్చం మనం చెరువు గట్టున గాలం వేసినట్టు! అరుగుదలంటే ఊరికే నలగడం గాదు, రసం పనిచేస్తదని అట్ట తెలిసింది.

ఇప్పుడు నీ సంగతికొస్తా. నీది అల్సరో కాదో నాకు తెలీదు, నేను డాక్టర్ని గాదు. కానీ నువ్వు చెప్పిందాన్ని బట్టి, డ్యూటీ దిగి రాత్రి పదకొండింటికి రూముకొచ్చి ఆ అరబ్బు రొట్టె కుబ్బూసూ కూరా పొట్ట పగిలేట్టు తిని, అట్నే ఫోను చూసుకుంటా పడుకుంటావు. అన్నం దిగే గొట్టం పాతిక సెంటీమీటర్లుంటది, దాని అడుగున మూత మాదిరి ఒక కండరం, ముద్ద దిగంగానే మూసుకోవాలి. కడుపు నిండా తిని వెల్లకిలా పడుకుంటే ఆ మూత మీద బరువంతా పడి పులుపు పైకి ఎగదన్నుద్ది. కడుపుకున్నట్టు ఆ గొట్టానికి జిగురు పొర లేదు, అందుకే మంట, పులితేపులు, పొద్దున్నే దగ్గు. కడుపు ఖాళీ కావడానికి రెండు నించి నాలుగు గంటలు పడద్ది, నువ్వు పావుగంట కూడా ఇవ్వవు. తొందరగా తినడం కుదరకపోతే తక్కువన్నా తిను, మంచం తలవైపు కోళ్ళ కింద ఇటికరాళ్ళు పెట్టు, ఎడం పక్కకి తిరిగి పడుకో. సిగరెట్టు గురించి చెప్పను, చెప్పినా మానవు. అన్నట్టు యాసిడ్ తగ్గించే ఆ ఒమెప్రజోల్ బిళ్ళ అన్నం తిన్నాక వేసుకుంటా ఉండావంటివే, అది తినడానికి అరగంట ముందు వేసుకోవాల్సింది. దాన్ని కూడా ఏడాదిగా ఎవరికీ చూపించకుండా మింగడమేందిరా, నా నొప్పి బిళ్ళలకీ దానికీ తేడా ఏముంది?

ఇంకోటి, బండి మీద ఉండి మోషన్ ఆపుకుంటావు. పొద్దున టీ, టిఫిను పడంగానే కడుపు సాగి పెద్దపేగుకి కబురు పోద్దంట, జాగా చెయ్యమని. ఆ కబురు వినకుండా ఆపితే పెద్దపేగు ఊరికే కూర్చోదు, దాని పనే నీళ్ళు లాగడం. నువ్వు తాగిందీ, నోట్లో ఊరిందీ, కడుపూ పేగులూ వదిలిన రసాలూ కలిసి రోజుకి తొమ్మిది లీటర్ల దాకా పేగుల్లోకి పోతే బయటికొచ్చేది గ్లాసుడు లోపే. ఎంత ఆపితే అంత గట్టి పడద్ది, ముక్కితే మొలలు. పోయినసారి వచ్చినప్పుడు మైపాడు బీచిలో ఇసకలో కూర్చోలేక నిలబడే ఉండావు, మేం నవ్వినాం గానీ అది నవ్వే విషయం గాదు. నీళ్ళు తాగు, ఆకుకూర తిను. పాలు తాగితే ఉబ్బరం అంటావు, పాలల్లో చక్కెరని విడగొట్టే ఎంజైము పెద్దయ్యేకొద్దీ శానామందికి తగ్గిపోద్దంట, పెరుగుకి ఆ బాధ తక్కువ. ఆడ మన మజ్జిగ మాదిరి లబన్ దొరుకుద్ది గదా, అది తాగు.

మా చెల్లెలి చిన్నోడికి పోయిన నెల బేదులు పట్టుకుంటే మా అమ్మ నీళ్ళు ఆపేసింది, తాగితే ఇంకా పోతాయంట! నేను అరిచి ఓఆర్ఎస్ ప్యాకెట్టు లీటరు నీళ్ళల్లో కలిపి చెంచాతో తాపినా. చిన్నపేగు ఆరు మీటర్లుంటది, లోపల టర్కీ టవలు మాదిరి నూగు, ఉప్పూ చక్కెరా కలిసి వస్తేనే అది రెండిట్నీ గబగబా లోపలికి లాక్కుంటది, వాటెంట నీళ్ళూ పోతాయి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల క్యాంపులో కలరా వస్తే సెలైన్లు అయిపోయి దిలీప్ మహలనబిస్ అనే బెంగాలీ డాక్టరు డ్రమ్ముల్లో ఇదే కలిపి తాపించి, నూటికి ముప్పై మంది పోయే కాడ నలుగురి లోపుకి తెచ్చాడు. పేగు లాక్కోలేకపోతే ఎంత తిన్నా దండగే. మన సైంటిస్టు యల్లాప్రగడ సుబ్బారావు గారి అన్నదమ్ములు ఇద్దరు అట్ట స్ప్రూ జబ్బుతోనే పోయారంట, తర్వాత అమెరికాలో ఆయన టీమే ఆ జబ్బుకి పనికొచ్చే ఫోలిక్ యాసిడ్ అనే విటమిను తయారు చేసింది. ఇది కూడా మాస్టారు చెప్పిందే, చెప్తా చెప్తా కళ్ళు తుడుచుకున్నాడు.

నేనిప్పుడు బాగుండా. పద్నాలుగు రోజులు రెండు రకాల యాంటీబయాటిక్కూ యాసిడ్ తగ్గించేదీ వేసుకున్నా, నోరంతా ఇనప రుచి, అయినా మానలా. నడుముకి ఎక్సర్‌సైజు. చేపల పులుసు కూడా తింటా ఉండా, కాకపోతే రాత్రి ఎనిమిదికల్లా.

అసలు ఇదంతా ఎందుకు రాసినానంటే, నువ్వు మొన్న పెట్టిన ఫోటో పెద్దది చేసి చూసినా. ఆ గళ్ళ చొక్కా నీ పెళ్ళిరోజుకి ట్రంకు రోడ్డులో నేను కొనిచ్చిందే గదా, అప్పుడు పొట్ట కాడ గుండీలు పట్టలేదని గొణిగినావు, ఇప్పుడు భుజాల మీదనించి జారతా ఉంది. డైటు చేస్తా ఉండావా? చేస్తే చెప్పు. చెయ్యకుండానే తగ్గి ఉంటే, ముద్ద గొంతులో ఆగినట్టు అనిపిస్తా ఉంటే, మోషన్ నల్లగా వస్తా ఉంటే, ఈ శుక్రవారం డాక్టరు కాడికి పో, ఎండోస్కోపీ అంటే చేయించుకో. పది నిమిషాల పని.

మీ రూము అబ్బాయి పదిహేనో తేదీ బయల్దేరతా ఉండాడంట గదా, అమ్మ నీకు మాగాయ జాడీ కట్టింది. నేనింకా అతనికి ఇవ్వలా. నువ్వు రిపోర్టు ఫోటో పెట్టినాకే ఇస్తా.

నీ
మాల్యాద్రి