కమిషన్ సున్నా సరే, ఖాళీ కిలోమీటర్ల సంగతేమిటి?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో క్యాబ్ డ్రైవర్ల ఆదాయం గురించి వచ్చిన వ్యాసం చదివాను. బుకింగ్ యాప్‌లు ప్రతి ఛార్జీలో కోసుకునే కమిషన్ ఎత్తేశాయి కాబట్టి కష్టపడేవాడికి హైదరాబాద్‌లో నెలకు అరవై వేలకు ఢోకా లేదని ఒక డ్రైవర్ అన్నట్టు రాశారు. ఆయన అబద్ధం చెప్పి ఉండడు. మా ఇంట్లోనూ ఇంచుమించు అంతే వస్తుంది. వచ్చేది రాసి పోయేది వదిలేశారు, నా బాధ అదొక్కటే.

మా ఆయన క్యాబ్ నడుపుతారు. నేను బోడుప్పల్‌లో ఇంట్లోనే మిషన్ మీద జాకెట్లు కుడతాను. బండి లెక్క రాసేది నేనే. అమ్మాయి స్కూలు లాంగ్ నోట్‌బుక్కుల్లో మిగిలిన కాగితాలు కుట్టి పెట్టుకున్నాను. రాత్రి ఆయన చెప్పులు విప్పకముందే మీటర్ రీడింగ్ ఎంత అని అడుగుతానని మా అత్తమ్మకు నా మీద కోపం. కంచంలో అన్నం పెట్టి అడగరాదా అంటుంది. అన్నం తిన్నాక ఆయనకు ఏమీ గుర్తుండదు, కూర్చున్నచోటే నిద్రపోతారు.

ఈ మధ్య ఒక మామూలు నెల లెక్క చెబుతాను. ఆ నెల పండగల్లేవు, బండి చెడిపోలేదు. మీటరు మీద తిరిగింది దాదాపు 5,000 కిలోమీటర్లు. క్యాషూ ఫోన్‌లో పడిందీ కలిపి వచ్చింది 58,000 రూపాయలు. అందులో గ్యాసుకే 20,000. మాది సీఎన్‌జీ వ్యాగన్ ఆర్. కిలో గ్యాసుకు ముప్పై కిలోమీటర్ల పైనే ఇస్తుందని షోరూంలో చెప్పారు, ఏసీ వేసుకుని సిటీ ట్రాఫిక్‌లో తిరిగితే 24 దాటదు. కిస్తు 12,000. టాక్సీగా తిప్పే ఎల్లో ప్లేట్ బండికి ఇన్సూరెన్స్ ఏడాదికి 36,000, అంటే నెలకు మూడు వేలు. సర్వీసింగ్, టైర్లు, బ్రేకులు, క్లచ్ అన్నీ సగటున 5,000. యాప్‌లకు కట్టే ఫీజులు, ఫోన్ రీచార్జి 2,000. టీ, టిఫిన్, పార్కింగ్, బండి కడిగించడం 3,000. మొత్తం 45,000 పోయింది. మిగిలింది 13,000.

డౌన్ పేమెంట్ కోసం బ్యాంకులో పెట్టిన నా గాజుల వడ్డీ ఇందులో కలపలేదు. ఫిట్‌నెస్, ట్యాక్స్, ట్రాఫిక్ చలాన్లూ కలపలేదు. మూడేళ్లకోసారి గ్యాస్ సిలిండర్‌కు నీటి ఒత్తిడి పెట్టి గట్టిదనం చూసే హైడ్రో టెస్ట్ చేయించాలి, అదీ లేదు. కలిపితే ఈ ఉత్తరం రాసే ఓపిక కూడా మిగలదు.

ఆ పదమూడు వేల కోసం మనిషి రోజుకు పన్నెండు గంటలు బయట ఉంటాడు. ఆయన స్నేహితుడొకరు బంజారాహిల్స్‌లో ఒక డాక్టరుగారి కారు నడుపుతాడు. జీతం ఇరవై వేలు, ఆదివారం సెలవు, టైరు పంక్చరైతే డాక్టరుగారి డబ్బు.

కిస్తు అయిపోయాక బండి మీదే కదా అంటారు చాలామంది, మా అన్నయ్య కూడా అదే అన్నాడు. ఏడాదికి అరవై వేల కిలోమీటర్లు తిరిగే బండి, అయిదేళ్లకు మూడు లక్షలు తిరుగుతుంది. మూడు లక్షలు తిరిగిన ఎల్లో ప్లేట్ కారుకు ఎవరు ఎంతిస్తారో సెకండ్ హ్యాండ్ కార్ల దుకాణంలో ఒకసారి అడిగి చూడండి. కిస్తు పేరుతో మేం కట్టేది చాలావరకు ఆ అరుగుదల ఖరీదే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. 5,000 కిలోమీటర్లు తిరిగారన్నాను కదా, అందులో కస్టమర్ కూర్చుని ఉన్నది 3,600 మాత్రమే. మిగతా 1,400 ఖాళీగా తిరిగినవి. పికప్‌కు వెళ్లినవి, డ్రాప్ చేసి బుకింగ్ లేక వెనక్కి వచ్చినవి, గ్యాస్ బంకుకు వెళ్లినవి, రాత్రి ఇంటికి చేరినవి. కస్టమర్ ఉన్న కిలోమీటర్లకే లెక్కేస్తే పదహారు రూపాయలు పడింది, వినడానికి బాగానే ఉంటుంది. తిరిగిన మొత్తానికి లెక్కేస్తే పదకొండు రూపాయల అరవై పైసలు. ఖర్చు కిలోమీటరుకు తొమ్మిది. కుట్టుపని చేసేవాళ్లకు ఇది వెంటనే తెలుస్తుంది, మీటరు గుడ్డ కొంటే మీటరంతా జాకెట్టు కాదు, పీలికలు పోతాయి. కానీ ఆ పీలికల డబ్బు గుడ్డ తెచ్చినవాళ్లే ఇస్తారు, నేను కాదు.

మొన్న ఒక రాత్రి పదిన్నరకు ఆయన ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర ఉండగా బుకింగ్ మోగింది. పికప్ నాచారం లోపల, నాలుగు కిలోమీటర్లు. అక్కడి నుంచి హబ్సిగూడలో డ్రాప్, మూడు కిలోమీటర్లు. ఛార్జీ 92 రూపాయలు. స్క్రీన్ మీద ఛార్జీ పెద్ద అక్షరాల్లో ఉంటుంది, పికప్ దూరం కింద చిన్నగా ఉంటుంది. పది పదిహేను సెకన్లలో నొక్కాలి, లేకపోతే ఇంకొకరికి పోతుంది. నొక్కారు. అపార్ట్‌మెంట్ కింద చాలాసేపు ఆగాక కస్టమర్ దిగి వచ్చి, ఏసీ ఎందుకు వేసి ఉంచలేదన్నాడట. ఆ ఏడు కిలోమీటర్లకు గ్యాసూ అరుగుదలా కలిపి, కిస్తు పక్కన పెట్టినా, ముప్పై అయిదు రూపాయలు. ముప్పావు గంట పట్టింది. మిగిలిన యాభై చిల్లరలోంచే కిస్తు, ఇన్సూరెన్స్, ఆయన కూలీ అన్నీ రావాలి.

ఖాళీ కిలోమీటరుకు అలా అయిదు రూపాయలే వేసుకున్నా 1,400కు ఏడు వేలు. యాప్‌ల ఫీజుకూ ఫోన్‌కూ కలిపి మేం కట్టేది రెండు వేలు. కమిషన్ సున్నా అని అంత గట్టిగా చెప్పుకుంటున్నారు గానీ, మాకు పెద్ద చిల్లు ఉన్నది ఇంకోచోట.

కమిషన్ పోవడం మంచిదే, కాదనను. రాపిడో 2023 డిసెంబరులో క్యాబ్‌లు మొదలుపెట్టినప్పుడు కమిషన్ లేదు, ఫీజు కట్టి నడుపుకోండి అంది. 2025 జూన్‌లో ఓలా కూడా ఆ దారికే వచ్చింది. అంతకుముందు కోతలు చూసి ఆయన తిట్టుకోని రోజు లేదు. కానీ కమిషన్‌తో పాటే ఇన్సెంటివ్‌లూ పోయాయి, ఛార్జీలు మాత్రం పెరగలేదు. 2016 ప్రాంతంలో ఇన్ని ట్రిప్పులు కొడితే ఇంత అని ఇన్సెంటివ్ పడేది. ఆ డబ్బు చూసే మా నల్గొండ వైపు నుంచి, మహబూబ్‌నగర్, వరంగల్ నుంచి కుర్రాళ్లు అప్పులు చేసి కార్లు కొన్నారు. కార్లు నిండాక ఇన్సెంటివ్ తగ్గింది, 2017లో సమ్మెలు జరిగాయి, తర్వాత అందరూ అలవాటు పడ్డారు. లీటరు పెట్రోలు వంద రూపాయలు దాటింది 2021లో. కస్టమర్ ఇచ్చే ఛార్జీ మాత్రం ఆ పరుగు అందుకోలేదు. 2024 ఏప్రిల్‌లో హైదరాబాద్ డ్రైవర్లు ‘నో ఏసీ’ అని పట్టుబట్టింది అందుకే. మీ పాఠకుల్లో కొందరు అప్పుడు చెమటలు కక్కి తిట్టుకుని ఉంటారు. తప్పు లేదు, ఎండాకాలం మరి.

ఎయిర్‌పోర్ట్ డ్యూటీలు చేసుకోవచ్చు కదా అని ఆ వ్యాసంలోనే సలహా ఉంది. శంషాబాద్ డ్రాప్‌కు నాలుగు డబ్బులు కనబడతాయి, నిజమే. వెనక్కి బుకింగ్ కోసం పార్కింగ్‌లో రెండు మూడు గంటలు పడిగాపులు కాయాలి, లేదా ఖాళీగా రావాలి. పైగా సీఎన్‌జీ బండి డిక్కీలో సగం సిలిండరే. అమెరికా నుంచి వచ్చినవాళ్లు నాలుగు పెద్ద సూట్‌కేసులతో నిలబడి, డిక్కీ తెరిచి చూసి క్యాన్సిల్ చేస్తారు. పెద్ద బండి కొంటే కిస్తు పెద్దది.

గ్యాస్ బంకుల దగ్గర క్యూ గురించి కూడా ఎవరూ రాయరు. సాయంత్రం ప్రెషర్ తగ్గితే సిలిండర్ నిండదు, మళ్లీ రాత్రికి ఇంకో బంకు వెతుక్కోవాలి. ఆ టైముకే బుకింగ్‌లు ఎక్కువ. ఇంకో మాట, ఆడదాన్ని కాబట్టి మొహమాటం లేకుండా రాస్తున్నాను. దారిలో టాయిలెట్ దొరకదని ఆయన పగలంతా నీళ్లు తాగరు. కిడ్నీలో రాయి అని డాక్టరు చెప్పాడు. ఆ స్కానింగ్ డబ్బు బండి లెక్కలో రాయాలా ఇంటి లెక్కలో రాయాలా అని మేమిద్దరం కాసేపు వాదించుకున్నాం కూడా.

ఇదంతా విని క్యాబ్ పనే దండగ అంటున్నానని అనుకోకండి. కిస్తు తీరిపోయి ఇంజన్ ఇంకా బాగున్న బండి ఉంటే గిట్టుతుంది. స్కూలు పిల్లలనో, ఆఫీసు వాళ్లనో నెలవారీగా మాట్లాడుకుని మిగతా టైములో యాప్ ఆన్ చేసుకునేవాళ్లకు గిట్టుతుంది. మా వీధిలో ఒకాయన అలాగే చేస్తాడు, మాకంటే తక్కువ తిరిగి ఎక్కువ మిగుల్చుకుంటాడు. బండి రోజు అద్దెకు తీసుకుని నడిపేవాళ్లకు మాత్రం ఏం మిగులుతుందో నాకు అర్థం కాదు, పొద్దున లేవగానే వెయ్యి పైచిలుకు బాకీతో మొదలవుతుంది. మా ఆయనకైతే ఒకరి కింద పని చేయడం ఇష్టం లేదు. ఇంతకుముందు ట్రావెల్స్‌లో ఓనరు అర్ధరాత్రి ఫోన్ చేసి తిట్టేవాడు. ఇప్పుడు అమ్మాయికి జ్వరమొస్తే యాప్ ఆఫ్ చేసి ఇంటికొస్తారు. ఆ సుఖానికి నా పుస్తకంలో గడి లేదు, కానీ అది లేదని నేను అనను.

ప్రభుత్వం చేయగలిగింది ఒకటుంది. 2025 జులైలో కేంద్ర రవాణా శాఖ కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. సొంత బండి ఉన్న డ్రైవరుకు ఛార్జీలో కనీసం 80 శాతం దక్కాలని, మూల ఛార్జీ కనీసం మూడు కిలోమీటర్లకు ఉండాలని, పికప్‌కు ఖాళీగా వెళ్లే ఖర్చు అందులో చేరాలని రాశారు. చదివి సంతోషించాను. కానీ రద్దీ లేనప్పుడు యాప్‌లు ఆ మూల ఛార్జీలో సగం దాకా తగ్గించుకోవచ్చని కూడా అందులోనే ఉంది. కాబట్టి రాష్ట్రం ఖరారు చేసే మూల ఛార్జీ ఎంతన్నదే అన్నింటికంటే ముఖ్యం. కర్ణాటకలో 2024లోనే, పది లక్షల లోపు కారుకు మొదటి నాలుగు కిలోమీటర్లకు వంద రూపాయలు, ఆ పైన కిలోమీటరుకు 24 అని ప్రకటించారు. అక్కడ అమలు ఎలా ఉందో అక్కడి డ్రైవర్లు చెప్పాలి, కనీసం కాగితం మీద ఒక అంకె ఉంది, దాన్ని పట్టుకుని అడగొచ్చు. తెలంగాణలోనూ అలాంటి అంకె గట్టిగా అమలు కావాలి. మూడు కిలోమీటర్లు దాటిన పికప్‌కు విడిగా డబ్బు ఇవ్వాలి, ఆ దూరాన్ని స్క్రీన్ మీద ఛార్జీ సైజులోనే చూపించాలి. అక్షరాల సైజు పెంచడానికి ఏ కంపెనీకీ నష్టం రాదు.

అప్పుడు కస్టమర్ మీద భారం పడదా అంటే పడుతుంది. నేనూ ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఆటో బుక్ చేసి ఛార్జీ చూసి ఆలోచిస్తాను. కానీ ఇప్పుడు ఆ తేడాను పెట్టుకుంటున్నది మా కిస్తు, మా టైర్లు.

మా మరిది సూర్యాపేట దగ్గర అరెకరం అమ్మి కారు కొంటానంటున్నాడు. మీ వ్యాసం ఫొటో తీసి వాట్సాప్‌లో నాకు పంపింది అతనే, చూడు వదినా అరవై వేలు అని. పొలం అమ్మొద్దన్నాను. కావాలంటే రెండు నెలలు మీ అన్నయ్య బండి రాత్రిపూట నడిపి చూడు, రోజూ మీటర్ రీడింగ్ నాకు చెప్పు, తర్వాత మాట్లాడుకుందాం అన్నాను. ఇంకా జవాబు రాలేదు. కార్ల షోరూం వాళ్లు మాత్రం అతనికి రోజూ ఫోన్ చేస్తున్నారట.

నా పేరు వేయకండి, యాప్‌లో ఆయన ఐడీకి ఏమైనా ఇబ్బంది వస్తుందేమోనని టెన్షన్. స్థలం చాలక కత్తిరించాల్సి వస్తే అత్తమ్మ సంగతీ మరిది సంగతీ తీసేయండి, ఆ నెల లెక్క ఉన్న పేరా మాత్రం ఒక్క అంకె కూడా పోకుండా వేయండి.

ఇట్లు,
ఒక క్యాబ్ డ్రైవర్ భార్య,
బోడుప్పల్