పసరు పోసే చోటే రక్తం కూడా చూడండి

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన వారం మీ కర్నూలు జిల్లా పేజీలో కింద మూలన ఒక చిన్న వార్త చూశాను. ఫలానా ఊళ్లో ప్రతి ఆదివారం పచ్చకామెర్లకు ఉచితంగా పసరు పోస్తున్నారు, పొద్దున్నే పరగడుపున రావాలి అని. పోసేవాళ్లను నేనేమీ అనడం లేదు, పైసా తీసుకోకుండా చేస్తున్నారు. ఆ వార్త కిందే, రక్తం కూడా చూపించుకోండని ఇంకో రెండు లైన్లు మీరెందుకు వెయ్యలేదన్నదే నా బాధ.

మా చిన్నాయనకు ఆరేళ్ల కింద కామెర్లొచ్చాయి. మూడు ఆదివారాలు పోయి పసరు తాగొచ్చాడు, నెలంతా ఉప్పులేని మజ్జిగన్నం తిన్నాడు, అది చాలదని మణికట్టు మీద వాత కూడా పెట్టించుకున్నాడు, ఆ మచ్చ ఇప్పటికీ రూపాయి బిళ్లంత ఉంది. కళ్లు తెల్లబడ్డాయి. ఇంకేం, ఆ తర్వాత ఊళ్లో ఎవరికి కళ్లు పచ్చబడినా తనే బండెక్కించుకుని తీసుకుపోయేవాడు. పోయినేడు కాళ్లు వాచి, పొట్ట ఉబ్బితే కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. రక్తం చూసి హెపటైటిస్ బి అన్నారు, అంటే లివర్‌కు పట్టే ఒక వైరస్ జబ్బు, లివర్ అప్పటికే గట్టిపడిపోయిందట. జన్మలో చుక్క సారాయి ముట్టని మనిషి. దొంగచాటుగా తాగేవాడేమోలే అని ఊళ్లో అనుకున్నారు, జబ్బు కంటే ఆ మాటే ఆయన్ను ఎక్కువ కుంగదీసింది.

నాకు అర్థమైనంతలో విషయం ఇదీ. నీళ్లు, తిండి ద్వారా వచ్చే ఎ, ఇ రకాల కామెర్లు చాలామందికి వాటంతటవే తగ్గిపోతాయి. బి కూడా పెద్దయ్యాక సోకితే నూటికి 95 మందికి కొన్ని నెలల్లో ఒంట్లోంచి పోతుంది. అంటే ఏం తాగినా, తాగకపోయినా కళ్లు తెల్లబడేవాళ్లే ఎక్కువ, పేరు మాత్రం పసరుకు. మిగిలిన కొద్దిమందికీ కళ్లు తెల్లబడొచ్చు, వైరస్ మాత్రం పోదు, ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా లివర్‌ను తింటూ ఉంటుంది.

ఈ వైరస్‌ను పట్టించింది బరూచ్ బ్లంబర్గ్ అనే అమెరికా శాస్త్రవేత్త. ఆయన వెతికింది అసలు కామెర్ల కోసం కాదు, ఒక్కో జాతి మనుషుల రక్తంలో ఉండే తేడాల కోసం. ఆస్ట్రేలియా ఆదివాసి ఒకరి రక్తంలో కొత్త ప్రోటీన్ కనబడితే దానికి ఆస్ట్రేలియా యాంటీజెన్ అని పేరు పెట్టారు, అదే హెపటైటిస్ బి ఆనవాలని తర్వాత తేలింది. 1976లో నోబెల్ ఇచ్చారు. అంత పెద్ద శాస్త్రవేత్త, కామెర్లకు మనవాళ్లు వాడే నేల ఉసిరిని కొట్టిపారెయ్యలేదు! మద్రాసు డాక్టర్లతో కలిసి 1988లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశాడు, నేల ఉసిరి పొడి ఇచ్చిన 37 మందిలో 22 మంది రక్తంలో ఆ యాంటీజెన్ కనబడకుండా పోయిందని. ఆసుపత్రి మంచం మీదున్న చిన్నాయనకు ఇది చదివి వినిపిస్తే "చూసినావా మరి" అన్నాడు. తర్వాత వేరే చోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం రాలేదయ్యా అని నేను చెప్పేలోపే అటు తిరిగి పడుకున్నాడు. ఆయనకు చెప్పలేకపోయింది మీకు చెబుతున్నాను: వాళ్లు నేల ఉసిరి ఇచ్చే ముందూ, ఇచ్చాకా రక్తం చూశారు. మనం కళ్ల రంగు చూసి ఊరుకుంటున్నాం.

వైద్య శాఖను నేనడిగేది పెద్దదేం కాదు. పసరు పోసే రోజు అక్కడికి ఒక ఏఎన్ఎంను కిట్లిచ్చి పంపండి. వేలి మీద చుక్క రక్తం, కాసేపట్లో ఫలితం. కేంద్రం 2018 జులై 28న, అంటే బ్లంబర్గ్ పుట్టినరోజునే, హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది, సర్కారు ఆసుపత్రుల్లో పరీక్షలూ మందులూ ఉచితం. మా ఊళ్లో ఈ సంగతి తెలిసినవాళ్లు నాకు కనబడలేదు. ఇంకొకటి, పుట్టిన బిడ్డకు 24 గంటల్లోపు వెయ్యాల్సిన హెపటైటిస్ బి టీకా సంగతి. పసిబిడ్డకు సోకితే నూటికి 90 మందిలో అది జీవితాంతం ఉండిపోతుంది. ఆ టీకాను 1997లోనే మన హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ తయారుచేసింది, అయినా కాన్పయిన ఇంట్లో పేరు పెట్టడం మీదున్న ధ్యాస దీని మీద ఉండదు.

చిన్నాయన ఇప్పుడు రోజూ మాత్ర వేసుకుంటున్నాడు. ఇంట్లో అందరికీ పరీక్ష చేయించాం.

మొన్న మా పక్కింటి పిల్లాడికి కళ్లు పచ్చబడ్డాయి. ఆదివారం పసరుకు పోతున్నామన్నారు. ముందు రక్తం చూపించండి అంటే వాళ్ల నాయన నావైపు వింతగా చూసి, "పేపర్లో కూడా పడింది కదన్నా" అన్నాడు.

ఇట్లు,
మీ పాఠకుడు,
పత్తికొండ, కర్నూలు జిల్లా