ఎత్తు పెంచిన జీపులకు గేర్లు, స్టీరింగు: మా వర్క్‌షాపు పద్ధతిలో మార్పు

మా కస్టమర్లందరికీ నమస్కారం.

బాలానగర్‌లోని మా వర్క్‌షాపులో ఈ నెల నుంచి ఒక పద్ధతి మారుతోంది. ముందూ వెనుకా సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు) ఉన్న వాహనానికి సస్పెన్షన్ ఎత్తు పెంచి, పెద్ద టైర్లు వేయమని అడిగితే, ఆ రెండు పనులు మాత్రమే చేసి పంపించడం ఇకపై ఉండదు. స్టీరింగును సరిచేయడం కూడా ఆ పనిలో భాగంగానే ఉంటుంది. యాక్సిల్ గేర్ల లెక్కను కాగితం మీద వేసి మీకు చూపించిన తరువాతే టైర్లు ఆర్డరు చేస్తాము. దీనివల్ల ఎస్టిమేటు పెరుగుతుందని, కొందరు మరో చోటు చూసుకుంటారని తెలిసే ఈ నిర్ణయం తీసుకున్నాము. మా చేతుల మీదుగా జరిగిన ఒక తప్పు దీనికి కారణం కాబట్టి, ఆ సంగతి ముందుగా చెప్పాలి.

గత ఏడాది ఒక కస్టమర్ జీప్ రాంగ్లర్ రూబికాన్‌కు మూడున్నర అంగుళాల లిఫ్టు (సస్పెన్షన్ ఎత్తు పెంపు), 35 అంగుళాల టైర్లు వేశాము. ఔటర్ రింగు రోడ్డు మీద తొంభై కిలోమీటర్ల వేగంలో ఒక వంతెన జాయింటు దాటగానే ముందు చక్రాలు రెండూ అటూ ఇటూ కొట్టుకోవడం మొదలైందని, బండి దాదాపు ఆగేదాకా ఆ ఊపు తగ్గలేదని ఆయన ఫోన్ చేశారు. పక్క సీటులో ఆయన తల్లి ఉన్నారు. మేము బండి తెప్పించుకుని, స్టీరింగు డ్యాంపర్ (స్టీరింగు కుదుపును మింగే షాక్ అబ్జార్బరు) మార్చి, చక్రాలు బ్యాలెన్స్ చేసి ఇచ్చాము. ఊపు ఆగింది. రెండు నెలల తరువాత అదే రోడ్డు మీద మళ్ళీ వచ్చింది. డ్యాంపర్ ఆ ఊపును కొంతకాలం అణచి ఉంచుతుంది తప్ప దాని మూలాన్ని తీసివేయదు. ఆ సంగతి తెలిసి కూడా మొదటిసారి ఆ దారి పట్టడం మా తప్పు.

రెండోసారి నేనే కిందికి దూరాను. చక్రాలు నేల మీదే ఉంచి, ఇంజిన్ నడుస్తుండగా మా కుర్రవాడిని స్టీరింగు కొద్దిగా కుడికీ ఎడమకీ తిప్పుతూ ఉండమని, ఒక్కొక్క జాయింటు మీద వేలు ఆనించి చూశాను. ట్రాక్ బార్ (యాక్సిల్ పక్కకు జరగకుండా ఛాసీకి పట్టి ఉంచే కడ్డీ) యాక్సిల్‌కు కలిసే చోట, బ్రాకెట్ కదలకముందే బోల్టు కదలడం వేలికి తెలిసింది. విప్పి చూస్తే గుండ్రంగా ఉండవలసిన రంధ్రం కోడిగుడ్డులా సాగిపోయి ఉంది. ఒక పక్కన నెలవంక ఆకారంలో ఇనుము అద్దంలా మెరుస్తోంది. లిఫ్టు వేసిన రోజు ఆ బోల్టును బండి జాకీల మీద ఉండగానే బిగించి, చక్రాలు నేలకు దిగిన తరువాత టార్క్ రెంచితో (బిగువును కొలిచే స్పానరుతో) మళ్ళీ చూడకపోవడం వల్ల జరిగిన పని అది. బ్రాకెట్ మార్చి, రంధ్రానికి సరిగ్గా సరిపోయే స్లీవు, కొత్త బోల్టు వేసి ఇచ్చాము, డబ్బు తీసుకోలేదు. ఆయన ఇప్పటికీ మా దగ్గరికే వస్తున్నారు, అందుకు ఆయనకు కృతజ్ఞతలు.

అదే బండితో గేర్ల విషయం కూడా బయటపడింది. అనంతగిరి ఘాటు ఎక్కేటప్పుడు గేరుబాక్సు ఒకే గేరులో నిలవకుండా మాటిమాటికీ మారుతోందని ఆయన చెప్పారు. గేరుబాక్సులో లోపం ఏమీ లేదు. రూబికాన్ యాక్సిల్ నిష్పత్తి (చక్రం ఒక్క చుట్టు తిరగడానికి ఇంజిన్ వైపు షాఫ్టు తిరిగే చుట్లు) 4.10, కంపెనీ టైరు 255/75 ఆర్17, అంటే ఎత్తు 32 అంగుళాలు. టైరు 35 అంగుళాలైతే చక్రం ఒక్క చుట్టుకు ఎక్కువ దూరం వెళుతుంది కాబట్టి, 4.10 ఉన్న బండి 3.75 ఉన్న బండిలా, అంటే తక్కువ బలంతో లాగుతుంది. దాని మీద టైరు బరువు, స్టీలు బంపరు, వించి (ఇరుక్కున్న బండిని లాగే తాడు యంత్రం) అదనం. స్పీడోమీటరు కూడా తప్పు చూపిస్తుంది: అది 100 చూపించేటప్పుడు బండి నిజంగా 109లో ఉంటుంది.

సరైన నిష్పత్తి లెక్క సులభమే. పాత నిష్పత్తిని కొత్త టైరు ఎత్తుతో హెచ్చించి, పాత టైరు ఎత్తుతో భాగించాలి. ఈ బండికి 4.48 వస్తుంది. కానీ నిష్పత్తి అంటే యాక్సిల్‌లోని పెద్ద పళ్ళచక్రం (క్రౌన్ వీలు) పళ్ళను, దాన్ని తిప్పే చిన్న పళ్ళచక్రం (పినియన్) పళ్ళతో భాగిస్తే వచ్చే సంఖ్య కాబట్టి మనం కోరుకున్న అంకె దొరకదు, దొరికే సెట్లలో నుంచి ఎంచుకోవాలి. 41 పళ్ళకు 9 పళ్ళు ఉంటే 4.56, 39కి 8 ఉంటే 4.88, 41కి 8 ఉంటే 5.13. లెక్కలో వచ్చిన అంకెకు పైనున్న సెట్టునే తీసుకోవాలని నా అభిప్రాయం. ఆ సూత్రం టైరు ఎత్తును మాత్రమే చూస్తుంది, టైరు బరువునూ ఎత్తైన బండికి తగిలే గాలినీ లెక్కలోకి తీసుకోదు.

ఆ కస్టమర్ 4.88 కావాలన్నారు. వారంలో ఐదు రోజులు గచ్చిబౌలి ఆఫీసుకు, నెలకు ఒకసారి కొండకు వెళ్ళే బండి అది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో, ఎనిమిదో గేరులో, 35 అంగుళాల టైరుతో ఇంజిన్ నిమిషానికి 4.56 అయితే సుమారు 1815 చుట్లు, 4.88 అయితే సుమారు 1940 చుట్లు తిరుగుతుంది. ఎనిమిది గేర్ల ఆటోమేటిక్‌లో ఈ తేడా పెద్దది కాదు, కాబట్టి హైవే మీద ఇంజిన్ అరుస్తుందన్న భయంతో 4.88ను వద్దనవలసిన అవసరం లేదు. నేను 4.56 చెప్పడానికి కారణం పినియన్. నిష్పత్తి పెరిగే కొద్దీ పినియన్ చిన్నదవుతుంది, బండరాళ్ళలో చక్రం ఇరుక్కుని ఒక్కసారిగా పట్టు దొరికినప్పుడు ఆ దెబ్బంతా ఆ కొద్ది పళ్ళ మీదే పడుతుంది. ముందు ముందు 37 అంగుళాల టైర్లకు వెళతారనో, పైన టెంటు, వెనుక సామాను వేసుకుని దూర ప్రయాణాలు చేస్తారనో ఉంటే 4.88 నేనే చెబుతాను. ఆయన 4.56 తీసుకున్నారు, ఘాటులో గేరు నిలుస్తోంది.

గేర్లు ముందు యాక్సిల్‌కూ వెనుక యాక్సిల్‌కూ ఒకే నిష్పత్తిలో మార్చాలి. వెనుక ఒక్కటే ఇప్పుడు చేయించి, ముందుది తరువాత చూద్దామని కొందరు అడుగుతారు. అలా ఉన్న బండిని గట్టి నేల మీద ఫోర్ వీల్‌లో పెడితే రెండు యాక్సిళ్ళు ఒకదానితో ఒకటి పెనుగులాడి ట్రాన్స్‌ఫర్ కేసును (ఇంజిన్ శక్తిని రెండు యాక్సిళ్ళకూ పంచే గేర్ల పెట్టెను) పాడుచేస్తాయి. ఆ పని మేము చేయము.

ఈ పనికి నాలుగు రోజులు ఎందుకు పడుతుందో కూడా చెప్పాలి. పినియన్ ఎంత లోతుగా కూర్చోవాలో షిమ్ములతో (పలుచని లోహపు బిళ్ళలతో) సరిచూసి, బేరింగుల బిగువు కొలిచి, క్రౌన్ వీలుకూ పినియన్‌కూ మధ్య ఉండవలసిన సన్నని సందును (ప్లే) డయల్ గేజితో చూస్తాము. ఈ తరహా యాక్సిళ్ళలో అది సాధారణంగా 0.15 నుంచి 0.25 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. తరువాత పళ్ళకు పసుపు రంగు మార్కింగు పేస్టు పూసి చేత్తో తిప్పితే, పన్ను పన్నును ఎక్కడ తాకుతోందో ముద్ర పడుతుంది. ఆ ముద్ర పన్ను మధ్యలో పడాలి, అంచుకు గానీ మొదలుకు గానీ జారకూడదు. జారితే మళ్ళీ విప్పి, షిమ్ము మార్చి, మళ్ళీ కూర్చోబెట్టాలి. ఒక్క డిఫరెన్షియల్‌కు (ఈ గేర్లుండే యాక్సిల్ నడిమి భాగానికి) ఇలా మూడు నాలుగు సార్లు జరగడం మామూలే. మొన్న వేసవిలో ఒక బండికి ప్లే సరిగ్గానే ఉన్నా ముద్రను తొందరలో వదిలేశాము. యాక్సిలరేటరు వదిలినప్పుడు అరవై, ఎనభై కిలోమీటర్ల వేగాల మధ్య ఈల వేసినట్టు శబ్దం వచ్చింది. మా ఖర్చుతో తిరిగి చేశాము. ఇకపై ఆ ముద్ర ఫొటో, కొలతల అంకెలు మీ జాబ్ కార్డుకు జతచేసి ఇస్తాము. అవి లేకుండా బండి తీసుకోకండి.

కొత్త గేర్లు వేసిన బండిని మొదటి పాతిక ముప్పై కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి, గేర్లుండే హౌసింగు పూర్తిగా చల్లారేదాకా ఆపాలి. ఇలా రెండు మూడు సార్లు చేసి, 800 కిలోమీటర్ల దగ్గర గేర్ ఆయిల్ మార్చాలి. మన ఎండల్లో ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. ఆ ఆయిల్ మార్పు బిల్లులోనే కలిపేస్తున్నాము. ప్లగ్గు అయస్కాంతానికి బూడిద రంగు మెత్తని పొడి అంటుకుని ఉంటే భయం లేదు. పొరలుగా ఇనుము కనిపిస్తే బండి ఇక్కడే ఉంటుంది.

ఇక స్టీరింగు. సాలిడ్ యాక్సిల్ బండి ఎత్తు పెరిగితే డ్రాగ్ లింకు (స్టీరింగు కదలికను చక్రాల వైపు చేర్చే కడ్డీ), ట్రాక్ బార్ రెండూ ఏటవాలు అవుతాయి. ఈ రెండూ ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నంతవరకు గుంటలో చక్రం లేచినా బండి దారి తప్పదు. పిట్‌మన్ ఆర్మ్ (స్టీరింగు బాక్సు నుంచి డ్రాగ్ లింకును కదిపే చెయ్యి) మాత్రమే మార్చి ట్రాక్ బార్‌ను వదిలేస్తే ఆ పొందిక చెడిపోయి, గతుకు వచ్చినప్పుడల్లా స్టీరింగు దానంతటదే తిరుగుతుంది. అందుకే మార్చితే రెండూ కలిపి మార్చాలి. కాస్టర్ కోణం (చక్రం మలుపు తిరిగే ఇరుసు వెనుకకు వాలిన వాలు) కూడా తగ్గుతుంది, తగ్గితే మలుపు తరువాత స్టీరింగు తిరిగి నేరుగా రాదు. కంట్రోల్ ఆర్మ్‌లు (యాక్సిల్ ముందుకూ వెనక్కూ జరగకుండా పట్టి ఉంచే కడ్డీలు) సర్దుబాటు చేసి కాస్టర్‌ను పెంచవచ్చు, అయితే యాక్సిల్ తిరిగే కొద్దీ పినియన్ కిందికి వంగి, ముందు ప్రొపెల్లర్ షాఫ్టు జాయింటు మీద కోణం పెరుగుతుంది. ఈ రెంటికీ మధ్య సర్దుబాటు ఎక్కడ ఆపాలన్నది బండిని నడిపి చూసే తేల్చాలి.

కాల్చి వంచినవి, వెల్డింగు చేసినవి అయిన స్టీరింగు భాగాలను మేము ఏ బండికీ వేయము, మీరు తెచ్చి ఇచ్చినా వేయము. పాత జిప్సీలకు అలాంటి ఆర్మ్‌లు ఇప్పటికీ వస్తున్నాయి. జిప్సీకి కమాన్ పట్టీలే యాక్సిల్‌ను పట్టి ఉంచుతాయి, ట్రాక్ బార్ ఉండదు, కాబట్టి అక్కడ డ్రాగ్ లింకు కోణమూ, పట్టీని ఛాసీకి కలిపే పొడవైన షాకిళ్ళ వల్ల మారిన కాస్టరూ చూడాలి. జిమ్నీకైతే కింగ్ పిన్ (చక్రం మలుపు తిరిగే ఇరుసు) బేరింగుల బిగువు ముందు చూస్తాము. 2020లో వచ్చిన థార్‌కు ముందు వైపు ఇండిపెండెంట్ సస్పెన్షన్ కాబట్టి ఈ లెక్కలు వేరు. దాని ఎత్తు మరీ పెంచితే టై రాడ్ల కోణం, డ్రైవ్ షాఫ్టుల బూట్లు (రబ్బరు తొడుగులు) దెబ్బతింటాయి, రెండు అంగుళాలకు మించి అడగవద్దని మనవి.

చట్టం సంగతి కూడా చెప్పకుండా డబ్బు తీసుకోవడం ధర్మం కాదు. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ మొదట నిర్దేశించిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. ఆ ఏడాది సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ కింద, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు యజమానికి అయిదు వేల రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. మా దగ్గర చేయిస్తే ఏమీ కాదని నేను ఎవరికీ చెప్పను. ముందు ఆర్టీఏలో అడిగి, బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేసి రండి. మార్చిన ప్రతి భాగమూ బిల్లులో రాస్తాము, తీసిన పాత భాగాలు మీకే ఇస్తాము.

గతంలో మా దగ్గర లిఫ్టు మాత్రమే చేయించుకున్నవారు, ముఖ్యంగా ఊపు వస్తోందంటే డ్యాంపర్ మార్చి పంపించినవారు, దయచేసి ఒక శనివారం ఉదయం రండి. ట్రాక్ బార్, బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు ఉచితంగా చూసి, బోల్టులన్నీ టార్క్ రెంచితో సరిచూస్తాము. గంట పడుతుంది. వచ్చే ముందు బండి కింది భాగం కడిగించకండి. వదులైన జాయింటు చుట్టూ తుప్పు రంగు పొడి చేరి ఉంటుంది, కడిగేస్తే ఆ గుర్తు పోతుంది.