ఆల్‌ఫ్రెడ్ గోడల గురించి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో వైకింగుల మీద, అంటే ఉత్తర ఐరోపా నుంచి పడవల్లో వచ్చి దోచుకున్న దండుల మీద వచ్చిన వ్యాసం చదివాను. వాళ్ళ పడవలు, వాళ్ళ తెగువ పేజీ నిండా ఉన్నాయి. వాళ్ళ బారి నుంచి రాజ్యాన్ని కాపాడుకున్న వెసెక్స్ (ఇంగ్లండ్ దక్షిణాన ఒకప్పటి రాజ్యం) రాజు ఆల్‌ఫ్రెడ్‌కు దక్కింది ఒక్క వాక్యం, అదీ తలదాచుకున్న ఇంట్లో రొట్టెలు మాడబెట్టిన కథ. ఆ కథ ఆయన పోయిన చాలా కాలానికి పుట్టింది. మనసుకు కష్టమనిపించి రాస్తున్నాను.

878 జనవరిలో వైకింగు నాయకుడు గుత్రుమ్ దండు వెసెక్స్‌లోని చిప్పెన్‌హామ్ ఊరి మీద పడింది. ఆల్‌ఫ్రెడ్ కొద్దిమందితో సోమర్సెట్ చిత్తడి నేలల్లో తలదాచుకుని, మే నెలలో ఎడింగ్టన్ దగ్గర గెలిచాడు. అందరూ చెప్పేది ఇంతవరకే. నా దృష్టిలో ఆయన గొప్పతనం ఆ తర్వాత చేసిన పనిలో ఉంది.

అప్పటిదాకా దాడి జరిగాకే జనాన్ని పోగుచేసేవారు. వాళ్ళు వచ్చేసరికి దోచుకున్నవాళ్ళు వెళ్ళిపోయేవారు. ఆల్‌ఫ్రెడ్ సైన్యాన్ని రెండు వంతులు చేశాడు. సగం మంది ఇళ్ళ దగ్గర ఉంటే సగం మంది కాపలా. అలా పొలం పనీ సాగింది. దానితోపాటు రాజ్యమంతటా సుమారు 30 కోట ఊళ్ళను సిద్ధం చేయించాడు.

వాటి జాబితా ఆయన కొడుకు కాలం నాటిది మిగిలింది. ప్రతి 16.5 అడుగుల గోడకు కాపలాగా నలుగురు మనుషులు, ఒక్కో హైడుకు ఒక మనిషి చొప్పున. హైడు అంటే ఒక కుటుంబం బతకడానికి సరిపడా భూమి. నేను సర్వేయర్‌గా చేసి రిటైరయ్యాను. మన గుంట 33 అడుగుల చదరం కదా, దాని పక్కలో సరిగ్గా సగానికి నలుగురన్నమాట! ఆ కోట ఊళ్ళలో ఒకటైన వించెస్టర్‌కు జాబితాలో రాసినవి 2,400 హైడ్లు. లెక్క కడితే 9,900 అడుగుల గోడ వస్తుంది. అక్కడి పాత రోమన్ గోడ పొడవు కూడా దాదాపు అంతే. కాగితం మీది లెక్క నేల మీది కొలతతో అలా కలిస్తే నాలాంటివాడికి ఎంత సంతోషమో చెప్పలేను.

892లో 250 ఓడలతో మరో దండు దిగింది. మొదట పట్టుకున్నది సగమే కట్టిన ఒక కోటను, లోపల ఉన్నది కొద్దిమంది రైతులే. మిగతాచోట్ల పప్పులుడకలేదు. 896లో ఆ దండు చెల్లాచెదురైపోయింది.

మళ్ళీ వైకింగుల గురించి వేస్తే ఆ కోట ఊళ్ళ మ్యాపు కూడా వేయండి. మా మనవళ్ళకు చూపిస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సర్వేయర్, కరీంనగర్