నేరోబోటు యాత్రకు పడవ కంటే ముందు రేవు చూసుకోవాలి

సంపాదకుల వారికి,

మీ ఆదివారం అనుబంధంలో ఇంగ్లండ్ నేరోబోటు (ఇరుకు కాలువల కోసం కట్టిన సన్నటి, పొడవాటి పడవ) విహారాల మీద వచ్చిన వ్యాసం, ఫొటోలు చూస్తే ఎవరికైనా వెంటనే బయలుదేరాలనిపిస్తుంది. అయితే అందులో ఒక మాట సరిదిద్దకపోతే చదివినవాళ్లు ఇబ్బంది పడతారు. ‘పడవ చేతికొస్తే చాలు, నచ్చినచోట గట్టుకు కట్టేసి పడుకోవచ్చు’ అని రాశారు. కాలువ మీద అది చాలావరకు నిజమే. నది మీద కాదు. అక్కడి నదుల మీద ప్రయాణం అనుకుంటే మూడు సంగతులు ముందే తేల్చుకోవాలి. ఆ నీళ్లు ఎవరి అధీనంలో ఉన్నాయి, రాత్రి పడవ ఎక్కడ కడతాం, నది పెరిగితే ఏం చేస్తాం. పడవ రంగు, లోపలి సోఫా, వంటగది ఆ తర్వాతి మాట.

నేరోబోటు వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలు. కాలువల మీది ఇరుకు లాకులు, అంటే నీటిమట్టం మారేచోట పడవను ఎక్కించి దించే తలుపుల గదులు, 7 అడుగులే కాబట్టి ఆ కొలత వచ్చింది. (గోదావరి, కృష్ణా కాలువల లాకులు చూసినవాళ్లకు ఈ మాట కొత్త కాదు.) పొడవు 70 అడుగుల దాకా ఉంటుంది గానీ, దేశంలో దాదాపు అన్ని లాకుల్లోనూ పట్టాలంటే 57 అడుగులు మించకూడదు. అడుగుభాగం బల్లపరుపు ఉక్కు, బరువు 15 టన్నులకు అటూ ఇటూ. ఇది కదలని నీళ్ల కోసం పుట్టిన పడవ. నది మీదికి వచ్చేసరికి ఆ పొడవాటి పక్కభాగాన్ని గాలి ఒకవైపు, ప్రవాహం ఒకవైపు తోస్తుంటాయి. కాలువ మీద పదేళ్లు నడిపిన సరంగు కూడా నది మీద మళ్లీ నేర్చుకోవాల్సిందే.

ముందు లైసెన్సు సంగతి. ఇంగ్లండ్, వేల్స్‌లలో సుమారు 2,000 మైళ్ల కాలువలు, కొన్ని నదులు కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ చూస్తుంది. 2012లో బ్రిటిష్ వాటర్‌వేస్ స్థానంలో వచ్చిన సంస్థ ఇది. ట్రెంట్, సెవెర్న్, సోర్, లీ నదుల్లో పడవలు నడిచే భాగాలు దీని కిందికే వస్తాయి. థేమ్స్ అలా కాదు. టెడ్డింగ్టన్‌కు ఎగువన థేమ్స్, అలాగే నీన్, గ్రేట్ ఊజ్, మెడ్వే ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీవి. టెడ్డింగ్టన్ దిగువన ఆటుపోట్లు ఉండే థేమ్స్ పోర్ట్ ఆఫ్ లండన్ అథారిటీది. వే నది నేషనల్ ట్రస్ట్‌ది. వార్విక్‌షైర్ ఏవన్ నదికి వేరే ట్రస్ట్ ఉంది. ఒక సంస్థ లైసెన్సు ఇంకో సంస్థ నీళ్లలో చెల్లుతుందని అనుకోవద్దు. ఆక్స్‌ఫర్డ్ కాలువ మీద నుంచి ఐసిస్ లాకు దాటి థేమ్స్‌లోకి దిగితే పడవ అదే, నీళ్లు మాత్రం వేరే సంస్థవి. కొద్ది రోజుల కోసమైతే అక్కడి స్వల్పకాలిక అనుమతి విడిగా తీసుకోవాలి. ఏడాదిలో కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్, ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ రెండిటి నీళ్లలోనూ తిరిగేవాళ్లకు గోల్డ్ లైసెన్సు ఉంది. అది జనవరి 1 నుంచి డిసెంబరు 31 దాకా ఉండే లైసెన్సు కాబట్టి ఆగస్టులో కొనే ముందు లెక్క చూసుకోవాలి. కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ (ఇకపై ట్రస్ట్ అంటే ఇదే) నదుల్లో మాత్రమే తిరిగే పడవకు నదులకే పరిమితమైన లైసెన్సు ఉంది, మామూలు రుసుములో 60 శాతమే. అయితే ఆ పడవ ఒక్కరోజు కాలువలోకి వెళ్లాలన్నా మళ్లీ వేరే లైసెన్సు కావాలి.

సొంత పడవకు లైసెన్సు ఇవ్వాలంటే ట్రస్ట్ మూడు చూస్తుంది. ఒకటి బోట్ సేఫ్టీ స్కీమ్ సర్టిఫికెట్, నాలుగేళ్లకోసారి తనిఖీ. గ్యాస్ గొట్టాలు, బ్యాటరీ తీగలు, డీజిల్ ట్యాంకు, మంటలార్పే సీసాలు, గాలి వెళ్లే కన్నాలు అన్నీ చూస్తారు. రెండోది కనీసం 20 లక్షల పౌండ్ల థర్డ్ పార్టీ బీమా. మూడోదే అందరూ ఆఖరికి వదిలేసేది, పడవకు సొంత రేవు. నడిపే మనిషికి మాత్రం లైసెన్సు అక్కర్లేదు. ఈ వెసులుబాటును నమ్ముకుని నేర్చుకోకుండా దిగడం నాకు నచ్చదు. ఆర్‌వైఏ (రాయల్ యాటింగ్ అసోసియేషన్) వాళ్లు కాలువలు, నదుల మీద పడవ నడపడం నేర్పే ఇన్‌ల్యాండ్ హెల్మ్స్‌మన్ శిక్షణ ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది. నది మీదికి వెళ్లే ప్రతి కుటుంబంలోనూ కనీసం ఇద్దరు అది చేసి ఉండాలి. ఇద్దరని ఎందుకంటే, చుక్కాని పట్టిన మనిషే నీళ్లలో పడితే పడవ ఆపేవాళ్లు మరొకరు కావాలి.

సొంత రేవు లేకుండా తిరుగుతూనే ఉంటామనేవాళ్లకు 1995 నాటి బ్రిటిష్ వాటర్‌వేస్ చట్టం దారి ఇచ్చింది. నిజంగా ప్రయాణం చేస్తూ ఉండాలి, ఒక్కచోట 14 రోజులకు మించి ఆగకూడదు. పడవ చెడిపోవడం, జబ్బు చేయడం లాంటి తగిన కారణం ఉంటే తప్ప. దీన్ని చాలామంది ‘14 రోజులకోసారి వంతెన అవతలికి జరిపితే సరి’ అని చదువుకుంటారు. అక్కడే గొడవ మొదలవుతుంది. ఏడాదంతా 15, 20 మైళ్ల లోపలే తిరిగితే సరిపోకపోవచ్చని ట్రస్ట్ చెబుతుంది. గట్టు వెంట నడుస్తూ పడవ నంబర్లు రాసుకునే సిబ్బంది ఉంటారు. పైగా 2024 ఏప్రిల్ నుంచి సొంత రేవు లేని పడవలకు లైసెన్సు మీద అదనపు రుసుము వేస్తున్నారు, అది ఏటేటా పెరిగేలా పెట్టారు. మెరీనాలో (పడవలు వరుసగా నిలిపే రేవుల సముదాయంలో) రేవు తీసుకున్నా అది విహారానికా, కాపురానికా అని ఒప్పందంలో చూడాలి. విహారపు రేవులో కాపురం పెడితే ఖాళీ చేయమంటారు.

ఇక రాత్రి మజిలీ. కాలువ మీద ఒక పక్క నడకదారి ఉంటుంది, అటువైపు బోర్డు ఏదీ లేకపోతే 14 రోజుల దాకా కట్టుకోవచ్చు. ఊళ్ల దగ్గర 24 గంటలు, 48 గంటలు, 7 రోజులు అని రాసిన విజిటర్ మూరింగులు, అంటే వచ్చిపోయే పడవల రేవులు, ఉంటాయి. లాకు ముందు ఎదురుచూసే చోట, నీళ్లు పట్టుకునే కుళాయి దగ్గర, పడవలు మలుపు తిప్పే వెడల్పు చోట, వంతెనల కింద కట్టకూడదు. థేమ్స్ మీద గట్టు ఎవరి పొలం అయితే వాళ్లదే. నడకదారి పక్కనే ఉన్నా పడవ కట్టే హక్కు దానితో రాదు. ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ రేవులు, ఊళ్ల కౌన్సిళ్ల రేవులు, పబ్బుల ముందు రేవులు, రైతులు డబ్బు తీసుకుని కట్టనిచ్చే గట్లు, ఇవే దిక్కు. కొన్నిచోట్ల మొదటి 24 గంటలు ఉచితం, ఆ తర్వాత డబ్బు. ఆ గడువు బోర్డు మీద ఉంటుంది. వేసవిలో సాయంత్రం నాలుగు దాటాక అబింగ్డన్, హెన్లీ, విండ్సర్ లాంటి చోట్ల 57 అడుగుల ఖాళీ దొరకడం కష్టం. జులై మొదట్లో హెన్లీ తెడ్ల పడవల పోటీల రోజుల్లో అటు వెళ్లకపోవడమే మంచిది. అందుకని ప్రతి రోజుకూ ఒక రేవు కాదు, రెండు రాసుకోవాలి. రెండోది మొదటిదానికి గంట ముందే వచ్చేలా చూసుకోవాలి. దాటి వెళ్లిన రేవుకు ఎదురు ప్రవాహంలో వెనక్కి రావడం చీకటి పడే వేళ చేసే పని కాదు.

కట్టే పద్ధతి కూడా వేరే. పడవ ముక్కు ఎగువకు తిప్పి, ప్రవాహానికి ఎదురుగా నెమ్మదిగా గట్టు చేరాలి. ముందు తాడు మొదట వేయాలి. దిగువకు వెళ్తూ తొందరలో వెనక తాడు ముందు కట్టారంటే ప్రవాహం ముక్కును లాక్కుపోతుంది, పడవ మొత్తం నదికి అడ్డంగా తిరుగుతుంది. 15 టన్నుల పడవ లాగుడంతా ఆ ఒక్క తాడు మీద పడుతుంది. అప్పుడు దాని పక్కన చెయ్యి ఉంటే వేళ్లు పోతాయి. తాడును గుంజకు రెండు చుట్లు తిప్పి కొస చేత్తో పట్టుకోవాలి. ఆ రాపిడే పడవను ఆపుతుంది, మన బలం కాదు. రాత్రికి ముందు, వెనక తాళ్లతో పాటు పడవ మధ్య నుంచి రెండువైపులా ఏటవాలుగా ఇంకో రెండు తాళ్లు వేస్తే ఇతర పడవల అలలకు గూటాలు ఊడిరావు. తాళ్లు బిర్రుగా కట్టకూడదు. రాత్రి వాన పడి నది రెండడుగులు పెరిగితే బిర్రు తాడు పడవను ఒక పక్కకు వంచుతుంది, తగ్గితే పడవ అంచు గట్టు మీద చిక్కుకుని రెండో పక్క మునుగుతుంది. సింకు నీళ్లు బయటికి పోయే కన్నాలు నీటిమట్టానికి కొన్ని అంగుళాల పైనే ఉంటాయి. పడవ వంగితే నీళ్లు వచ్చేది వాటిలోంచే.

లాకుల్లో అన్నిటికంటే పెద్ద ప్రమాదం దిగువకు దిగేటప్పుడు. ఎగువ తలుపుల కింద నీళ్లలో ఒక గడప ఉంటుంది. లాకు ఖాళీ అవుతున్నకొద్దీ అది బయటపడుతుంది. పడవ వెనక భాగం దాని మీద ఆనితే ముక్కు నీళ్లతో పాటు కిందికి పోతుంది, నిమిషాల్లో పడవ మునుగుతుంది. గడప ఎక్కడిదాకా ఉందో లాకు అంచు మీద తెల్ల గీత వేసి ఉంటుంది, పడవ దానికి ముందే ఉండాలి. దిగేటప్పుడు తాడు ముడి వేయకూడదు, చుట్టి వదులుతూ పోవాలి. థేమ్స్ లాకుల్లో ఇంజిను ఆపేసి ముందు, వెనక రెండు తాళ్లూ పట్టుకోవాలి.

నది పెరిగినప్పుడు థేమ్స్ లాకుల దగ్గర బోర్డులు పెడతారు. పసుపు బోర్డు రెండు రకాలు, ప్రవాహం పెరుగుతోందని ఒకటి, తగ్గుతోందని ఒకటి. ఎరుపు బోర్డు అంటే ప్రవాహం ఉద్ధృతంగా ఉందని, ఏ పడవా కదలొద్దని అర్థం. ‘పెరుగుతోంది’ అనే పసుపు బోర్డు కనబడగానే మంచి రేవు చూసుకుని ఆగిపోవాలి, ఎరుపు రావడానికి ఎంతోసేపు పట్టదు. ట్రస్ట్ నదుల మీద చాలాచోట్ల ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల మట్టం బోర్డులు ఉంటాయి. ఎరుపులో బయలుదేరితే బీమా కూడా చెల్లకపోవచ్చు. ఒక పూట వాన ఆగితే సరిపోదు, ఎగువన పడ్డ వాన ఒకటి రెండు రోజుల తర్వాత వస్తుంది.

లంగరు లేని పడవను నదిలోకి దించకూడదు. 57 అడుగుల పడవకు 20 కిలోల పైచిలుకు లంగరు, కనీసం 5 మీటర్ల గొలుసు, దానికి 20, 30 మీటర్ల తాడు. రెండో కొస పడవకు గట్టిగా బిగించి ఉండాలి. ఇంజిను ఆగితే ఆనకట్ట వైపు కొట్టుకుపోవడానికి పట్టేది నిమిషమో రెండు నిమిషాలో, కాబట్టి అది పెట్టెలో తాళం వేసి కాకుండా ముక్కు మీద సిద్ధంగా ఉండాలి. ఇంజిను ఆగేది కూడా ఎక్కువగా నది మీదే. కాలువలో మూడు మైళ్ల వేగంతో నిద్రపోతున్నట్టు తిరిగే ఇంజిను ఎదురు ప్రవాహంలో గంటల తరబడి ఎక్కువ వేగంతో తిరుగుతుంది. పడవ ఉక్కు పక్కకు ఆనించి ఉండే చల్లబరిచే తొట్టి చిన్నదైతే ఇంజిను వేడి పెరుగుతూనే ఉంటుంది. అలలకు డీజిల్ ట్యాంకు అడుగున ఏళ్లుగా పేరుకున్న మడ్డి లేచి ఫిల్టరును మూసేస్తుంది. బయలుదేరే ముందు ట్యాంకు అడుగు నీళ్లు తీయించి, కొత్త ఫిల్టరు వేసి, ఇంకొకటి వెంట ఉంచుకోవాలి. పడవ ఎక్కిన ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్ ఉండాలి.

రోజుల లెక్కకు పడవవాళ్ల సూత్రం ఒకటి ఉంది. మైళ్లు, లాకులు కలిపి 3తో భాగిస్తే గంటలు వస్తాయి. థేమ్స్ రింగ్ చుట్టుదారినే తీసుకోండి. గ్రాండ్ యూనియన్, ఆక్స్‌ఫర్డ్ కాలువలు, థేమ్స్ కలిసి సుమారు 250 మైళ్లు, 175 లాకులు. 425ను 3తో భాగిస్తే 141 గంటలు దాటుతుంది. రోజుకు 7 గంటల చొప్పున 20 రోజులు. రెండు వారాల్లో చేసేవాళ్లు ఉన్నారు, వాళ్లకు పొద్దుగూకులూ పనే. వారమే ఉంటే ఆక్స్‌ఫర్డ్ నుంచి రెడింగ్ దాకా వెళ్లి వెనక్కి రావడం చాలు. ఆస్నీ వంతెన కింద ఎత్తు 7 అడుగుల 6 అంగుళాలే. పడవకు చాలు, పైకప్పు మీది సైకిళ్లకూ పూలకుండీలకూ చాలకపోవచ్చు.

చుట్టుదారి మొత్తం వెళ్లేవాళ్లకు టెడ్డింగ్టన్ నుంచి బ్రెంట్‌ఫర్డ్ దాకా 5 మైళ్లు పోటు నీళ్లు, అంటే ఆటుపోట్లు ఉండే నీళ్లు. బ్రెంట్‌ఫర్డ్‌లోని థేమ్స్ లాకు పోటు నిండే సమయానికి రెండు గంటలు అటూ ఇటూ మాత్రమే తెరుస్తారు, ముందురోజే ఫోన్ చేసి చెప్పాలి. పాటు మీద, అంటే నీళ్లు సముద్రం వైపు తీసే వేళ వస్తే, ముఖద్వారం దాటి కొంచెం దిగువకు పోయి, ముక్కు ప్రవాహానికి తిప్పి వెనక్కి వచ్చి లోపలికి దూరాలి. నేరుగా తిప్పితే ప్రవాహం పక్కనుంచి గోడకేసి కొడుతుంది. ట్రెంట్ మీద క్రాంవెల్ లాకు దిగువన కూడా పోటు నీళ్లే, అక్కడ ఇంకా జాగ్రత్త కావాలి. మలుపుల్లో లోపలి వైపు అడ్డదారి తీస్తే పడవ ఇసుక మేట ఎక్కుతుంది, మళ్లీ పోటు వచ్చేదాకా అక్కడే.

అద్దె పడవ తీసుకునేవాళ్లకు లైసెన్సు, బీమా అద్దె సంస్థే చూస్తుంది. అయినా డబ్బు కట్టే ముందు రాతపూర్వకంగా అడగాల్సినవి ఉన్నాయి. ఈ లైసెన్సు ఏ ఏ నదుల్లో చెల్లుతుంది, పోటు నీళ్లలోకి వెళ్లనిస్తారా, లంగరు ఇస్తారా, పడవ అప్పగించే రోజు ఎంతసేపు నేర్పుతారు. 2025 వేసవిలో నీళ్లు చాలక ఎన్నో కాలువలు మూసేశారు. అంతకుముందు ఆ ఏడాది మొదటి రోజునే గండి పడి బ్రిడ్జ్‌వాటర్ కాలువ తెగింది. కాబట్టి దారి మూసుకుపోయినా, ఎరుపు బోర్డులు పెట్టినా డబ్బు వెనక్కి ఇస్తారా, తేదీ మారుస్తారా, లేక కదలని పడవలోనే వారం ఉండమంటారా అన్నది కూడా అందులోనే తేల్చుకోవాలి.

– ఒక పాఠకుడు, ఇంగ్లండ్