కళ్లజోడు అమ్మనన్న తమ్ముడికి

నిన్న మా అమ్మ పేపర్ చదివింది. ఎడమకన్ను చేత్తో మూసుకుని, దెబ్బతిన్న కుడికన్నుతోనే. హెడ్డింగులు మాత్రమే అనుకోండి, అయినా ఈ నాలుగు ముక్కలు రాయకుండా ఉండలేకపోతున్నాను.

రెండు నెలల కిందట ఓ పొద్దున్న అమ్మ, "ఒరేయ్, గడియారంలో ముళ్లు కనబడట్లేదు, చుట్టూ అంకెలే కనబడుతున్నాయి" అంది. 69 ఏళ్లు కదా, పవర్ మారి ఉంటుందిలే అని తణుకులో మేమెప్పుడూ వెళ్లే కళ్లజోళ్ల షాపుకు తీసుకెళ్లాను. అక్కడి తమ్ముడు అద్దాలు మార్చి మార్చి చూసి, "అన్నా, ఇది జోడుతో పోయేది కాదు. నేను అమ్మను. ఇవాళే రెటీనా డాక్టర్‌కి చూపించండి" అన్నాడు. ఏదో ఒకటి అంటగట్టి ఉంటే హాయిగా కొనుక్కుని వచ్చేసేవాళ్లం.

రాజమండ్రిలో డాక్టర్ మేడమ్ స్క్రీన్ మీద ఫొటో చూపించారు. రెటీనాలో, అంటే కంటి వెనక బొమ్మ పడే తెరలో, రక్తనాళం ఒకచోట పాత సైకిల్ ట్యూబులా ఉబ్బి చిట్లింది. మాక్రోఅన్యూరిజం అంటారట. 60 దాటి, బీపీ ఉన్న ఆడవాళ్లలోనే ఎక్కువట. అమ్మ బీపీ 190/100. తలనొప్పి లేదు కదా అని బిళ్లలు ఎప్పుడో మానేసిందని అక్కడే బయటపడింది. కనిపెట్టకపోవడం నా తప్పే.

రక్తం సరిగ్గా చూపు నిలిచే చోట, సన్నటి పొర వెనక చేరింది. ఆలస్యమైతే గడ్డకడుతుంది, అప్పుడిక లేజర్ పనిచేయదన్నారు. బీపీ దిగాక యాగ్ లేజర్‌తో ఆ పొరకి చిన్న రంధ్రం పెట్టారు. కుర్చీలోంచి లేస్తూనే అమ్మ "పొగ పైకి పోతోందిరా" అంది. నాకు ఒకటే టెన్షన్. మేడమ్ నవ్వి, రక్తం కిందికే జారుతోంది, కంట్లో బొమ్మ తలకిందులుగా పడుతుంది కాబట్టి అలా అనిపిస్తుందన్నారు. ఇంటికొచ్చిన వాళ్లందరికీ అమ్మ ఇప్పటికీ ఇదే కథ చెబుతోంది.

తర్వాత చేతికి రంగు మందు ఎక్కించి తీసిన యాంజియోగ్రామ్‌లో (కంటి రక్తనాళాల ఫొటోలు), ఆ ఉబ్బు తనంతట తానే పూడుకుపోయిందని తేలింది. ఇంజెక్షన్లు అక్కర్లేదు, బీపీ చూసుకోండి చాలన్నారు. అక్కర్లేనిది వద్దన్నందుకు మేడమ్‌కి ఇంకో నమస్కారం. "మూత్రం పసుపుపచ్చగా వస్తుంది, కంగారు పడకండమ్మా" అని ముందే చెప్పిన సిస్టర్‌కి కూడా. లేకపోతే ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండేది కాదు. రోజూ పొద్దున్నే గోడ మీంచి "వదినా, బిళ్ల వేసుకున్నావా?" అని కేకేసే పక్కింటి అత్తయ్యకీ ఎంతో రుణపడి ఉన్నాం.

తమ్ముడూ, మేడమ్ కొత్త పవర్ రాసిచ్చారు. ఆదివారం అమ్మను తీసుకొస్తున్నాను. ఈసారి జోడు అమ్మాల్సిందే.