ఒక్క వచనం పట్టుకుంటే సరిపోదు

సంపాదకులకు,

బైబిలు కొత్త నిబంధనలో అపొస్తలుడైన పౌలు విశ్వాసులకు రాసిన పత్రికల, అంటే ఉత్తరాల మీద మీరు వేస్తున్న శీర్షిక నేను వదలకుండా చదువుతాను. కానీ ప్రతిసారీ ఒక్క వచనం తీసి, దానికో నీతి తగిలించి ముగించేస్తున్నారు. ఎవరికి రాశాడు, అక్కడ ఏం గొడవ జరిగింది అన్న ముక్కే ఉండదు. అవి ఉత్తరాలండీ, సూక్తులు కావు. ఇప్పుడు మనం చూసే వచనాల అంకెలు పౌలు వేసినవి కావు, కొత్త నిబంధనలో వాటిని వేసింది 1551లో.

మొన్న కొరింథీయులకు, అంటే గ్రీసులోని కొరింథు ఊరి విశ్వాసులకు రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయంలోంచి, ప్రభువు రొట్టెను అయోగ్యంగా తింటే అపరాధం అన్న మాట వేశారు. ఆ ఒక్క మాటతోనే టెన్షన్ పడి, ప్రభు బల్ల (యేసును తలచుకుంటూ రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన) దగ్గరికి రావడానికే జంకే విశ్వాసులు ఉన్నారు. అదే అధ్యాయంలో ఆరు వచనాలు పైకి వెళ్లి చూడండి, ఒకడు ఆకలితో ఉంటే ఇంకొకడు తాగి మత్తులో ఉన్నాడని పౌలు మండిపడుతున్నాడు, పేదలను సిగ్గుపరుస్తారా అని నిలదీస్తున్నాడు.

ఆ ఊరి సంగతి తెలిస్తే ఆ కోపం అర్థమవుతుంది. రోమన్లు క్రీ.పూ. 146లో నాశనం చేసిన కొరింథును క్రీ.పూ. 44లో జూలియస్ సీజర్ మళ్లీ నిలబెట్టాడు. రెండు రేవుల వ్యాపారం, కొత్తగా వచ్చిన డబ్బు, ఆ డబ్బుతో పాటే హోదా పిచ్చి. విశ్వాసులు ఇళ్లలోనే కూడేవాళ్లు, అందరూ పట్టాలంటే కాస్త ఉన్నవాళ్ల ఇల్లే కావాలి. రోమన్ల భోజనాల గదిలో మామూలుగా తొమ్మిది మంది ఒరిగి తినేవాళ్లు, మిగతావాళ్లు బయట సర్దుకోవాల్సిందే. పౌలు రాసిన తర్వాత కొన్ని దశాబ్దాలకు చిన్న ప్లినీ అనే రోమన్ రచయిత ఒక విందు గురించి రాస్తూ, అతిథుల అంతస్తును బట్టి ద్రాక్షారసాన్ని మూడు రకాలుగా పోశారని విసుక్కున్నాడు. అంటే ఇది ఒక్క ఊరి జబ్బు కాదన్నమాట. పౌలు చివర్లో చెప్పిన మందు కూడా చాలా మామూలుది, తినడానికి కూడినప్పుడు ఒకరి కోసం ఒకరు ఆగండి అంటాడు.

చరిత్ర కలిపితే భక్తి పలచబడుతుందని కొందరి భయం. నాకైతే కలపనప్పుడే పౌలు ఊరికే కసురుకునే మనిషిలా కనిపిస్తాడు. పైగా ఇదే పత్రిక 7వ అధ్యాయం మొదట్లో 'మీరు రాసినవాటి విషయం' అంటాడు. కొరింథువాళ్లు రాసిన ఆ ఉత్తరం మన చేతికి రాలేదు, మనం చదివేది జవాబు మాత్రమే.

దయచేసి ఇకముందు వచనంతో పాటు అధ్యాయం మొత్తం చదవమని చెప్పండి, ఆ ఊరి గురించి రెండు వాక్యాలైనా వేయండి. చోటు చాలకపోతే నీతిని కాస్త తగ్గించినా ఫర్వాలేదు.

– ఒక పాఠకుడు